కేకు ప్లేటు, పులిహోర గిన్నె

"వందనాలు అక్కా. నాకు ముప్పై నాలుగేళ్ళు. బాపట్ల దగ్గర ఒక చిన్న టౌనులో గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. రెండేళ్ళ క్రితం ఇల్లు వెతుక్కునేటప్పుడు 'మీరు ఏమిటోళ్ళమ్మా?' అని అడగని ఓనరు లేడు. చివరికి ఒక పెద్దావిడ మేడ మీద వాటా ఇచ్చారు. పిల్లలు అమెరికాలో, ఆవిడ ఒక్కరే ఉంటారు. పిన్నిగారూ అని పిలుస్తాను. మనిషి మంచిదే, కానీ ఇప్పటిదాకా మా ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు. నిరుడు దసరాకి పులిహోర తెస్తే, విగ్రహాలకు పెట్టింది మేము తినమండీ అని గుమ్మంలోంచే పంపేశాను. క్రిస్మస్‌కి నేను కేకు ఇస్తే నవ్వుతూ తీసుకున్నారు. మర్నాడు ప్లేటు కడిగి మెట్ల మీద బోర్లించి ఉంది, కేకు పనమ్మాయి కొడుకు తింటున్నాడు. పక్కింటివాళ్ళకు సువార్త చెప్పకపోతే వాళ్ళ రక్తానికి మనమే ఉత్తరవాదులమని మా పాస్టరుగారు అంటారు. నెలకు ఇన్ని కరపత్రాలని లెక్క కూడా ఉంది. పోయిన నెల ఆవిడ మోకాళ్ళ నొప్పితో మూలుగుతుంటే 'యేసయ్యను నమ్ముకోండి పిన్నిగారూ, ఈ బొమ్మలు ఏం చేస్తాయి?' అని కరపత్రం చేతిలో పెట్టాను. అప్పటినుంచి మాట తగ్గింది. 'వీళ్ళు డబ్బులిచ్చి కలుపుకుంటారంటగా' అని ఎదురింటావిడతో అంటుంటే విన్నాను. ఫోన్ తెరిస్తే మనల్ని గొర్రెలంటారు. స్కూల్లో పిల్లలు పరీక్షలప్పుడు ప్రార్థన చేయమంటారు, చేయాలనిపిస్తుంది. మా చర్చిలోనూ నెమ్మది లేదు. పక్క పేట నుంచి ఒక కుటుంబం రావడం మొదలుపెడితే పెద్దలు గొణుగుతున్నారు. నేను నోరు మూసుకుని ఉండాలా, అవమానం పడైనా చెప్పాలా?" — ఒక సహోదరి

అమ్మా, ముందు కేకు సంగతి మాట్లాడదాం.

ఆ బోర్లించిన ప్లేటు నాకు తెలుసు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఊరబావి గట్టుకు ఇవతల కుండ పెట్టుకుని నిలబడేదట. ఎవరో ఒకరు దయతలచి చేదతో పైనుంచి పోసేదాకా అక్కడే. పోసేవాళ్ళ చేద కుండ అంచుకు తగలకూడదు. సగం నీళ్ళు చేతుల మీద, సగం కుండలో. కాబట్టి "పాతకాలం మనిషి, పోనీలే" అని మీతో అనను. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాని మీద చట్టం కూడా వచ్చింది. మీకు తగిలిన దెబ్బ దెబ్బే, దాన్ని క్షమాగుణం పేరుతో మింగేయనక్కర్లేదు. అయితే ఏ చట్టమూ ఒక మనిషి చేత కేకు ముక్క తినిపించలేదు. ఇది ఆవిడ మనసులో కరగాల్సిన సంగతి.

ఇక పులిహోర. మీ ఉత్తరంలో అది ఒక్క వాక్యం, కేకు రెండు వాక్యాలు. నేను మాత్రం పులిహోర దగ్గరే ఆగిపోయాను. ఆవిడ వైపు నుంచి ఒక్కసారి చూడండి. నొప్పి మోకాళ్ళతో మెట్లెక్కి గిన్నె పట్టుకుని పైకి వచ్చారు. మీరు గుమ్మంలోనే వద్దన్నారు. ఆవిడకు మీ మనస్సాక్షి కనిపించదు, వెనక్కి వచ్చిన గిన్నే కనిపిస్తుంది. రెండూ ఒకటి కావని నాకు తెలుసు. మీరు వద్దన్నది దేవుడికి పెట్టిన పదార్థాన్ని, ఆవిడ వద్దన్నది వండిన చేతిని. ఆ తేడా చాలా పెద్దది. కానీ ఆ తేడా ఆవిడకు ఎవరు చెప్పాలి? గుమ్మంలో నిలబెట్టి చెబితే తెలిసేదా అది?

ప్రసాదం విషయంలో మనలోనే పది రకాల వాళ్ళున్నారు. పౌలు కొరింథీయులకు రాసినప్పుడు, విందుకు పిలిస్తే వడ్డించింది ఏ విచారణా చేయక తినమన్నాడు. ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం చెప్పినవాడి కోసం మానేయమన్నాడు. నేను తినను. కానీ రెండు చేతులా పుచ్చుకుని, కూర్చోబెట్టి, "నేను ఇది తిననండీ, మా పద్ధతి అది. మీరు గుర్తుపెట్టుకుని తెచ్చారు చూడండి, అది చాలా సంతోషం. ప్రసాదం కాని రోజు చేస్తే ఒక గిన్నె నాకు పంపాలి" అంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ నొచ్చుకోలేదు. ఒకావిడైతే మర్నాడే నాకోసం విడిగా తాలింపు వేసి పంపింది.

కరపత్రం దగ్గరికి వద్దాం. ఈ మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. కులం లెక్కలో ఆవిడ మిమ్మల్ని కింద నిలబెట్టారు. సువార్త పేరుతో మీరు ఆవిడను కింద నిలబెట్టారు. "నా దగ్గర ఉంది, నీ దగ్గర ఏమీ లేదు, నీ పూజగదిలో ఉన్నవి బొమ్మలు." ఒంటరిగా ఉండే ఆవిడ పొద్దున్నే దీపం పెట్టుకునేది అక్కడే అయ్యుంటుంది. నొప్పితో మూలిగే మనిషికి ముందు కాపడం కావాలి. మీరు తీర్పు ఇచ్చారు.

నేనూ అచ్చం అలాగే చేశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నా. ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరిన కొత్తలో, మా వార్డులో తుంటి విరిగిన ఒక ముసలావిడ ఉండేది. మాత్ర నా చేత్తో ఇస్తే పుచ్చుకునేది. నీళ్ళు మాత్రం ఇంటినుంచి తెచ్చిన మరచెంబులోవే. మాత్రకు లేని మైల నీళ్ళకెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకరోజు ఆవిడ దిండు కింద కరపత్రం పెట్టాను. కొడుకు చూశాడు, గొడవైంది, నాకు మెమో వచ్చింది. క్రీస్తు కోసం హింస పొందానని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను. నా బుద్ధి తక్కువ. మంచం దిగలేని రోగి దిండు కింద చెయ్యి పెట్టడం హింస పొందడం ఎలా అవుతుంది?

తర్వాత ఒక నైట్ డ్యూటీలో, శ్రమల దినాల ఉపవాసం, కళ్ళు తిరిగి ఆవిడ మంచం పక్క స్టూలు మీద కూలబడ్డాను. "తిన్నావుటే?" అంది. లేదన్నాను. ఇంటినుంచి వచ్చిన మజ్జిగ సగం గ్లాసులో పోసి ఇచ్చింది. గ్లాసు నాకు తగలకుండా బల్ల మీద పెట్టింది, నిజమే. నేను తాగాను. ఎందుకు ఉపవాసమని అడిగింది, చెప్పాను. "మీ దేవుడు చచ్చిపోయాడటగా, మళ్ళీ లేచాడంటారు, నిజమేనా?" అని అడిగింది. అప్పుడు కూడా చెప్పాను, గంటసేపు. మెమో ఇవ్వడానికి ఎవరూ రాలేదు. ఆవిడ క్రైస్తవురాలు కాలేదు. డిశ్చార్జి రోజు కొడుకు చేత నాకు ఒక సంచి నిమ్మకాయలు ఇప్పించింది, అంతే.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం మీకు కంఠతా వచ్చి ఉంటుంది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరు. మధ్యాహ్నం వేళ, బావి దగ్గర, ఒక సమరయ ఆడమనిషితో యేసు అన్న మొదటి మాట "నాకు దాహమునకిమ్ము." జీవజలం సంగతి తర్వాత వచ్చింది, ముందు ఆయనే చెయ్యి చాపాడు. "చేదుకొనుటకు నీకేమియు లేదే" అంటుంది ఆవిడ. చేద కూడా లేకుండా బావి దగ్గర కూర్చున్నవాడు ఆయన. ఆవిడ కుండతో తాగడానికి సిద్ధపడ్డాడు. మా నాయనమ్మ ఆ భాగం చదివించుకుని వింటూ "ముట్టుకుంటాడా ఆ కుండ?" అని ప్రతిసారీ అడిగేది. ఆవిడకు ఆ కథలో అద్భుతం అదే.

మీరు ఒకటి అడగొచ్చు. అక్కడ అడిగినవాడు పైవాడు, ఇక్కడ నేను కిందదాన్నని వాళ్ళ లెక్క, నేనెళ్ళి అడిగితే అడుక్కున్నట్టు కాదా అని. న్యాయమైన ప్రశ్న. బరువు ఇద్దరి మీదా సమానంగా లేదు, ఉందని నేను అబద్ధం చెప్పను. నేను చెప్పేది ఆవిడ ఆమోదం అడుక్కోమని కాదు. నాకు రానిది మీకు వచ్చు అని ఒప్పుకోవడం వేరు, నన్ను చేర్చుకోండి అని ప్రాధేయపడటం వేరు. మొదటిది టీచరుగా మీరు మీ పిల్లలకు రోజూ నేర్పేదే.

"డబ్బులిచ్చి కలుపుకుంటారు" అన్న మాటకు కోపం వచ్చిందని మీరు రాయలేదు కానీ వచ్చే ఉంటుంది. ఆ నింద కొత్తది కాదు. మీకు గంట ప్రయాణం దూరంలో, ఒంగోలులో, దీనికి ఒక పాత జవాబుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి 1866లో వచ్చాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చినవాళ్ళలో ఎర్రగుంట్ల పేరయ్య ఒకడు, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. పేరయ్య వాళ్ళు వచ్చేసరికి పై కులాలవాళ్ళు క్లౌకు దూరమయ్యారు. పేరయ్య మాత్రం ఊళ్ళు తిరుగుతూ తన చుట్టాలకూ తెలిసినవాళ్ళకూ చెప్పుకుంటూ పోయాడు. ఇక్కడ సువార్త పాకింది దొరల ప్రసంగాల కంటే ఇలాంటి కాళ్ళ మీదే ఎక్కువ.

పదేళ్ళ తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ, ఏడాదికి పైగా ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మనవాళ్ళు ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే అంతకుముందు ఆపిన నెలలే గొప్ప. ఎదురింటావిడ మాటకు మీరు వాదించనక్కర్లేదు. పిన్నిగారికి మందులు తెచ్చిపెట్టిన రోజు, కరెంటు బిల్లు కట్టిపెట్టిన రోజు యేసు పేరు ఎత్తకండి. సాయానికీ సువార్తకూ మధ్య అంత ఎడం ఉండనివ్వండి. లేకపోతే మీ మంచితనం కూడా ఎరలాగే కనిపిస్తుంది.

అన్నిటికంటే బరువైన మాట మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. పక్క పేట కుటుంబం.

మన జిల్లాల్లో ఇది అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని సంగతి. మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఏ మిషను ముందు ఏ పేటకు వెళ్ళిందో దాన్నిబట్టి వచ్చిన చరిత్ర అది. చరిత్ర సరే, ఈ రోజు ఆ కుటుంబం మీ చాప మీద కూర్చుంటే గొణగడానికి చరిత్ర కారణమా? ఎప్పుడో ఒకరోజు పిన్నిగారు మిమ్మల్ని అడుగుతారు, "మీలో కులం లేదంటగా?" అని. ఏం చెబుతారు?

అపొస్తలుల కార్యాలు పదో అధ్యాయంలో పేతురు యొప్పేలో ఎవరింట్లో దిగాడో చూడండి. చర్మకారుడైన సీమోను ఇంట్లో. తోలు పని యూదుల్లోనూ మైలగా చూసిన పనే. ఆ ఇంటి మిద్దె మీదే పేతురుకు దర్శనం వచ్చింది, అక్కడినుంచే యూదుడు కాని కొర్నేలీ ఇంటికి వెళ్ళాడు. "ఏ మనుష్యుడును నిషేధింపదగినవాడనియైనను అపవిత్రుడనియైనను చెప్పకూడదని" దేవుడు చూపించాడని వాళ్ళ ముందు అన్నాడు. అదే పేతురు తర్వాత అంతియొకయలో, సొంత జనం వచ్చేసరికి, యూదులు కాని అన్యజనుల బంతిలోంచి లేచి పక్కకు పోయాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. దర్శనం చూసినవాడికే బంతి దగ్గర కాళ్ళు వణికాయి, మీ సంఘ పెద్దలెంత?

దొరలకూ ఈ జబ్బు ఉండేది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే, వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ లేచి, మిషనరీలకూ భారతీయ పనివారికీ మధ్య ఉన్న దూరాన్ని మొహం మీదే చెప్పాడు. త్యాగాలు చేశారు, ఒప్పుకుంటాం, ప్రేమ కూడా అడుగుతున్నాం, "మాకు స్నేహితులను ఇవ్వండి" అన్నాడు. ఆ మాట చాలామందికి రుచించలేదు. రెండేళ్ళ తర్వాత, 1912లో, ఆయనే మన దోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్.

రక్తానికి ఉత్తరవాదులం అనే మాట యెహెజ్కేలు మూడో అధ్యాయంలోది. మీ పాస్టరుగారితో కలిసి ఆ భాగం పైనుంచి చదవండి. "ఇశ్రాయేలీయులకు కావలిగా" నియమించానంటాడు దేవుడు. హెచ్చరించమన్నది ముందు సొంత ఇంటివాళ్ళను. ఆ లెక్కన మీ మొదటి కరపత్రం వెళ్ళాల్సింది మేడ కిందికి కాదు, సంఘ పెద్దల దగ్గరికి. వచ్చే ఆదివారం ఆ కుటుంబం పక్కన వెళ్ళి కూర్చోండి. ఆరాధన అయ్యాక ఇంటికి భోజనానికి పిలవండి, వాళ్ళు పిలిస్తే మీరు వెళ్ళండి. పెద్దలు గొణగనివ్వండి. మేడ దిగే ముందు ఈ పని జరగాలని నా పట్టుదల.

స్కూలు గురించి ఒక్క మాట. వద్దు. పిల్లలు అడిగినా వద్దు. మీరు వాళ్ళకు మార్కులు వేసే మనిషి, పైగా సర్కారు బడి. పిల్లలు వద్దనలేరు, ఇంట్లో తల్లిదండ్రులకు తెలియదు. పేర్లు పెట్టి ప్రార్థన చేయాలంటే రాత్రి మీ ఇంట్లో చేసుకోండి, ఎవరూ ఆపరు. 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. మీకున్నది చెప్పే స్వేచ్ఛ. వినడం, నమ్మడం వాళ్ళ స్వేచ్ఛ.

ఫోన్లో గొర్రెలు అనేవాళ్ళకు జవాబు రాయకండి. దానివల్ల టెన్షన్ తప్ప ఏమీ రాదు. మనవాళ్ళు కూడా తక్కువేం తినలేదు. తెల్లవారుజామున మైకులో పక్క మతాన్ని తిట్టే ప్రసంగాలు నేనూ విన్నాను, మా వీధిలోనే. పక్కింటివాళ్ళను "అన్యులు" అని పిలవడం కూడా మానేయండి. బైబిలు భాషలో అది వేరు జనం అని. మన వీధిలో అది పరాయివాళ్ళు అని వినిపిస్తుంది.

పిన్నిగారి దగ్గరికి మాత్రం ఆలస్యం చేయకండి. మొదట ఒక్క మాట చెప్పి రండి: "ఆ రోజు మీ దేవుళ్ళను తక్కువ చేసి మాట్లాడాను పిన్నిగారూ, తప్పయింది." నా నమ్మకం తప్పు అని చెప్పక్కర్లేదు, ఆ మాట తప్పు అని చాలు. ఆ వెంటనే ఇంకేమీ కలపకండి. చాలామంది క్షమాపణ చెప్పి, దాని తోకకు మళ్ళీ ప్రసంగం కడతారు.

ఆవిడ ఎప్పుడైనా అడిగితే చెప్పండి. పేతురు రాసింది "హేతువు అడుగు ప్రతివానికిని" సాత్వికంతో భయంతో సమాధానం చెప్పమని. అడిగిన రోజు మీ జీవితంలో జరిగింది చెప్పండి, ఆదివారం విన్న ప్రసంగం కాదు. అడగకపోవచ్చు కూడా. కేకు వచ్చే క్రిస్మస్‌కీ తినకపోవచ్చు. అప్పుడు ఒకసారి నవ్వుతూనే, "మీరు తినరని తెలుసు పిన్నిగారూ, నాకు బాధేసింది" అని ఆవిడ మొహం చూసి అనండి. అనడానికి మీకు పూర్తి హక్కుంది.

ఈలోపు ఎండాకాలం వచ్చేసింది. ఆవకాయ రోజులు. ఆ ఇళ్ళలో జాడీ మీద ఎవరి చెయ్యీ పడనివ్వరు, కాబట్టి పట్టేటప్పుడు కూర్చుంటానని అడగకండి. కాయలు కొనే రోజు అడగండి. "నాకు కాయ ఎంచడం రాదు పిన్నిగారూ. పీచుందో లేదో, టెంక ముదిరిందో లేదో తెలియదు. మార్కెట్‌కి మీరు రావాలి" అనండి. ఆటో మాట్లాడండి, ఆవిడ మోకాళ్ళకు ఎత్తు తక్కువగా ఉండేది చూసి. కాయలు కొట్టేవాడి దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది, గంట పడుతుంది, ఇద్దరూ ఎక్కడో అరుగు మీద కూర్చోవాలి. కరపత్రాలు ఇంట్లో వదిలేసి, సంచులు మాత్రం రెండు తీసుకెళ్ళండి.